ఓడ కడుపులో తుప్పు, తక్కువ ఆవిర్ల పూత: తరచుగా అడిగే ప్రశ్నలు

హనుమకొండలో ఒక చిన్న ప్రయోగశాలలో మేము నలుగురం ఓడల లోపలి ట్యాంకులకు వేసే రక్షణ పూతల మీద పనిచేస్తున్నాం. మా దగ్గరికి వచ్చే విద్యార్థులు, పెయింటర్లు, హార్డ్‌వేర్ దుకాణాలవారు, మా బంధువులు పదేపదే అడిగిన ప్రశ్నలను ఇక్కడ ఒకచోట చేర్చాను. వాటిలో కొన్నింటికి జవాబు రెండు ముక్కల్లో అయిపోతుంది, కొన్నింటికి కాదు.

సముద్రమే లేని వరంగల్‌లో ఓడల పెయింటు ఎందుకు?

ఈ ప్రశ్న వేయనివారు లేరు. పెయింటును తయారుచేసి పరీక్షించడానికి సముద్రపు ఒడ్డున ఉండనక్కర్లేదు. రెసిన్ అనే జిగురు పదార్థం, దాన్ని గట్టిపరచే హార్డెనర్, ఉక్కు రేకులు, ఉప్పునీరు, ఓపిక ఉంటే చాలు. ఉక్కు మన ప్రాంతానికి కొత్త కూడా కాదు. నిజామాబాద్ వైపు కోనసముద్రం అనే ఊళ్లో మూసల్లో కరిగించిన ఉక్కు కోసం ఒకప్పుడు పర్షియా వర్తకులు వచ్చేవారు.

నన్ను ఈ పనిలోకి తెచ్చిన కారణం మాత్రం మా ఇంట్లోదే. జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్ వైపు నుంచి గల్ఫ్ వెళ్లినవారిలో ఓడల మరమ్మతు యార్డుల్లో బ్లాస్టింగ్ (గట్టి రవ్వను వేగంగా చిమ్మి ఉక్కు మీది తుప్పు రాల్చడం), పెయింటింగ్ చేసినవారు ఉన్నారు. మా చిన్నాన్న వారిలో ఒకరు. సెలవుకు వచ్చి పెట్టె తెరిస్తే ఉతికి మడతపెట్టిన చొక్కాల్లోంచి కూడా థిన్నర్ వాసన గుప్పుమనేది. మనిషి దూరేంత రంధ్రంలోంచి ట్యాంకులోకి దిగి, మోకాళ్ల మీద పాకుతూ, ఒక చేత్తో లైటు, ఒక చేత్తో స్ప్రే గన్ పట్టుకుని పనిచేసేవారట. సాయంత్రానికి తల పగిలిపోయేదని, రాత్రి అన్నం సయించేది కాదని చెప్పేవారు. డబ్బాలో మనం ఏది పోస్తే ఆ మనిషి దాన్నే పీలుస్తాడు. అందుకే ముందు ఆ డబ్బాలోంచి ద్రావకాన్ని, అంటే పెయింటును పలచన చేసే థిన్నర్ వంటి ద్రవాన్ని, తీసేయాలి అనుకున్నాను.

ఉప్పునీరు ఓడకు బయట కదా ఉండేది, తుప్పు లోపలికి ఎలా వస్తుంది?

ఉప్పునీరు లోపల కూడా ఉంటుంది. సరుకు దించేశాక ఖాళీ ఓడ తేలికై నీటి మీద ఊగిపోతుంది. దాన్ని నిలకడగా ఉంచడానికి అడుగున, పక్కల ఉన్న గదుల్లోకి సముద్రపు నీటిని ఎక్కిస్తారు. ఆ గదులే బ్యాలస్ట్ ట్యాంకులు. సరుకు ఎక్కించేటప్పుడు ఆ నీటిని బయటికి తోడేస్తారు. అంటే ఒకే ఉక్కు గోడ కొన్నాళ్లు ఉప్పునీటిలో మునుగుతుంది, కొన్నాళ్లు తేమ గాలిలో ఆరుతుంది. తుప్పు పట్టడానికి ఇనుము, నీరు, ఆమ్లజని కావాలి. సముద్రపు నీటిలో సుమారు 3.5 శాతం ఉండే ఉప్పు ఆ చర్యను పరుగెత్తిస్తుంది. ఎప్పుడూ నీటి అడుగున ఉండే ఉక్కు కన్నా ఇలా తడిసి ఆరే ఉక్కే త్వరగా పాడవుతుంది. మన బావిలో మోటారు పైపును చూడండి. నీటిమట్టం పైకీ కిందికీ జరిగే చోటే అది ముందుగా పెచ్చులూడుతుంది.

1989లో ఎక్సాన్ వాల్డెజ్ ఓడ అలాస్కా తీరంలో చమురు ఒలకబోశాక చమురు ఓడలకు రెండు పొరల గోడలు తప్పనిసరి అయ్యాయి. సముద్రానికి అది మేలే చేసింది. కానీ ఆ రెండు పొరల నడుమ ఖాళీయే బ్యాలస్ట్ ట్యాంకు కావడంతో కాపాడాల్సిన ఉక్కు విస్తీర్ణం ఎంతో పెరిగింది. పైగా లోపలి గోడకు అవతల వెచ్చని చమురు ఉంటుంది. వేడి పెరిగితే తుప్పు కూడా వేగం అందుకుంటుంది.

తుప్పు పడితే ఓడ నిజంగా విరుగుతుందా?

విరుగుతుంది. 1975లో కట్టిన ఎరికా అనే చమురు ఓడ 1999 డిసెంబరు 12న ఫ్రాన్స్‌లోని బ్రిటనీ తీరం దగ్గర తుఫానులో రెండు ముక్కలైంది. సుమారు 20,000 టన్నుల చమురు సముద్రం పాలైంది. లోపలి నిర్మాణ భాగాలను తుప్పు తినేసి బలహీనపరచిందని దర్యాప్తులో తేలింది. బయటి నుంచి చూసేవారికి అటువంటి ఓడ రంగు వేసి నిగనిగలాడుతూ కనిపించవచ్చు. లోపలికి దిగి సుత్తితో తట్టి చూసినవారికే సంగతి తెలుస్తుంది.

తక్కువ ఆవిర్ల పెయింటు అంటే ఏమిటి?

మామూలు పెయింటులో గట్టిపడి ఉక్కు మీద నిలిచే పదార్థం కొంత, దాన్ని పలచన చేసి పూయడానికి వీలుగా ఉంచే ద్రావకం కొంత ఉంటాయి. జైలీన్, బ్యూటనాల్ వంటివి ఆ ద్రావకాలు. పూత ఆరడమంటే ఆ ద్రావకం గాలిలో కలిసిపోవడమే. ఇలా ఆవిరై గాలిలో కలిసే సేంద్రియ పదార్థాలనే వీఓసీలు అంటారు. ఆరుబయట విడుదలైతే ఎండలో నైట్రోజన్ ఆక్సైడ్లతో కలిసి నేలమట్టంలో ఓజోన్‌ను పుట్టిస్తాయి, అది ఊపిరితిత్తులను బాధపెడుతుంది. మూసిన ట్యాంకులో అయితే నేరుగా పనివాడి ఊపిరిలోకే పోతాయి, లేదా నిప్పురవ్వ కోసం కాచుకుని ఉంటాయి.

ఎంత ఆవిరి అన్నది లెక్క వేద్దాం. పది వేల చదరపు మీటర్ల ట్యాంకు గోడకు 320 మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) మందాన పూత కావాలి. ఆరిన తరువాత మిగిలే పదార్థం 3,200 లీటర్లు. పెయింటులో ఘనపదార్థం 80 శాతం అయితే 4,000 లీటర్లు వాడాలి, అంటే 800 లీటర్ల ద్రావకం, దాదాపు ఏడు వందల కిలోలు, ఆవిరైపోతుంది. చిమ్మేటప్పుడు వృథా అయ్యేది, గన్ కడగడానికి వాడే థిన్నర్ ఈ లెక్కలోకి రాలేదు.

ఇంకో లెక్క నన్ను చాలా రోజులు వెంటాడింది. ఒక లీటరు జైలీన్ ఆవిరైతే దాదాపు 200 లీటర్ల ఆవిరి వస్తుంది. గాలిలో అది ఒక శాతానికి చేరితే అంటుకోగలదు. అంటే ఒక్క లీటరు ద్రావకం 20 ఘనపు మీటర్ల గాలిని, పొడవు వెడల్పు ఎత్తు పదేసి అడుగులున్న గది కన్నా కాస్త తక్కువ గాలిని, ప్రమాదకరం చేయగలదు. ఎనిమిది గంటల పనిలో జైలీన్ సగటున పది లక్షలకు 100 భాగాలు మించకూడదని 1948 నాటి మన కర్మాగారాల చట్టం హద్దు పెట్టింది. ఆ హద్దులో ఉంచాలంటే లీటరుకు 2,000 ఘనపు మీటర్ల తాజా గాలి కావాలి, అటువంటి గదులు డెబ్భై. స్ప్రే గన్ నిమిషానికి లీటరు పైనే పెయింటు చిమ్ముతుంది కాబట్టి ఐదు నిమిషాల్లో లీటరు ద్రావకం ట్యాంకులో చేరినట్టే. ఫ్యాన్లు ఎన్ని పెట్టినా మూలల్లో, పలకల వెనక ఆ ఆవిరి అడుగుకు దిగి నిలిచిపోతుంది, ఎందుకంటే అది గాలి కన్నా బరువైనది.

మరి థిన్నర్ పోయడం మానేస్తే సరిపోదా?

అది సరిపోయి ఉంటే మా పని ఎప్పుడో అయిపోయేది.

ద్రావకం తీసేయగానే మొదటి చిక్కు చిక్కదనం. పాత ఇపాక్సీ పెయింట్లలో (రెసిన్, హార్డెనర్ కలిస్తే గట్టిపడే రకం ఇవి) పొడవైన అణువులున్న గట్టి రెసిన్‌ను ద్రావకంలో కరిగించి వాడేవారు. ద్రావకం లేదంటే చిన్న అణువుల ద్రవ రెసిన్ వాడాలి. చిన్న అణువులు హార్డెనర్‌తో కలిసినప్పుడు చాలా దగ్గరదగ్గరగా ముడులు పడతాయి. నీరు చొరబడని గట్టితనం వస్తుంది, దాంతోపాటు పెళుసుతనం కూడా వస్తుంది. వెల్డింగ్ గీతల దగ్గర పూత మందంగా చేరుతుంది. ఓడ అలల మీద వంగుతూ లేస్తూ ఉంటే అక్కడే సన్నని వెంట్రుక బీట పడుతుంది. నీటికి ఆ దారి చాలు. కాస్త సాగే గుణం కోసం వేరే రెసిన్ కలిపితే నీటిని ఆపే శక్తి తగ్గుతుంది. ఈ రెండింటి మధ్య తూకం కుదర్చడానికే మా కాలంలో ఎక్కువ భాగం పోతుంది.

రెండో చిక్కు సమయం. రెసిన్, హార్డెనర్ కలిపాక వాడుకోవడానికి ఉండే గడువును పాట్ లైఫ్ అంటారు. ఈ చర్యలో వేడి పుడుతుంది. ద్రావకం లేకపోతే ఆ వేడి డబ్బాలోనే కూడుకుంటుంది. ఒక మే నెల మధ్యాహ్నం, బయట 43 డిగ్రీలు ఉన్నప్పుడు, నేను రెండు కిలోలు ఒకేసారి కలిపి ఫోను మాట్లాడి వచ్చాను. తిరిగి వచ్చేసరికి డబ్బా ముట్టుకోలేనంత కాలుతోంది. పైన తేనె రంగు గడ్డ కట్టి, మధ్యలో పగిలి, పొగ వస్తోంది. అప్పటి నుంచి వేసవిలో పావుకిలో మించి కలపం, కలిపిన వెంటనే వెడల్పాటి పళ్లెంలో పరుస్తాం. పెద్ద పనుల్లో రెండు భాగాలను వేరువేరు గొట్టాల్లో వేడిచేసి, గన్‌కు దగ్గరలో మాత్రమే కలిపే పంపులు వాడతారు. ఆ పంపు ఖరీదైనది, నడపడానికి నేర్పు కావాలి. నిష్పత్తి కాస్త తప్పినా పూత కొన్నిచోట్ల ఎప్పటికీ జిగటగానే ఉండిపోతుంది.

మూడోది అంచు. తడి పూత తలతన్యత వల్ల పదునైన అంచు నుంచి వెనక్కి లాక్కుంటుంది, చదునైన చోట 300 మైక్రాన్లున్నా అంచు మీద వంద కూడా మిగలకపోవచ్చు. మీ ఇంటి ఇనుప గేటు చూడండి, తుప్పు కమ్మీ మధ్యలో కాదు, అంచుల్లోనే మొదలవుతుంది. ఇక్కడ మాత్రం ద్రావకం లేని పూతలదే పైచేయి. చిక్కగా ఉండి, ఆరేటప్పుడు అంతగా కుంచించుకుపోని పూత అంచును పట్టుకుని ఉంటుంది. తక్కువ ఆవిర్లు కావాలంటే నాణ్యత వదులుకోవాలనేవారికి నేను ముందు ఈ అంచునే కోసి సూక్ష్మదర్శినిలో చూపిస్తాను.

డబ్బా మీద ద్రావక రహితం అని ఉంటే నమ్మవచ్చా?

వెనక వైపు చిన్న అక్షరాలు కూడా చదవండి. కొన్నింటిలో చిక్కదనం తగ్గించడానికి బెంజైల్ ఆల్కహాల్ కలుపుతారు. దాని మరిగే ఉష్ణోగ్రత 205 డిగ్రీలు కావడంతో వెంటనే ఆవిరి కాదు, వాసన రాదు. కానీ పూతలో పూర్తిగా కట్టుబడి ఉండదు, నెమ్మదిగా బయటికి వస్తుంది. 250 డిగ్రీల లోపు మరిగే ప్రతి సేంద్రియ పదార్థాన్నీ వీఓసీగా లెక్కించే నిబంధనలు ఉన్నాయి. వాటి ప్రకారం ఇది కూడా వీఓసీయే. నా మటుకు నేను దాన్ని కలిపి ద్రావక రహితం అని రాయను.

నీటితో చేసిన పెయింట్లు మేలు కాదా?

ఇంటి గోడలకు మేలు. మూసిన ట్యాంకులో నీరు ఆరాలంటే పొడి గాలి కావాలి, అక్కడ ఉండేదేమో తేమ. తడి పూత కింద కొత్తగా శుభ్రం చేసిన ఉక్కు మీద గంటల్లోనే పసుపు మచ్చలు తేలుతాయి. తేమ తీసే యంత్రాలు పెట్టి కొన్నిచోట్ల వాడుతున్నారు. ఏళ్ల తరబడి ఉప్పునీటిలో మునిగి ఉండే చోటికి మాత్రం నేను వాటిని ఇంకా సిఫారసు చేయను.

జీడిగింజల నుంచి పెయింటు చేస్తారని విన్నాం, నిజమేనా?

నిజమే. ఈ పనిలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన విషయం ఇది. జీడిగింజ పెంకులో నల్లటి ఘాటైన నూనె ఉంటుంది. చేతికి అంటితే బొబ్బలెక్కుతుంది. బట్టల మీద చెరగని గుర్తు పెట్టడానికి వాడే నల్లజీడి కూడా ఆ కుటుంబపు చెట్టే. శ్రీకాకుళం జిల్లా పలాస వంటి చోట్ల పప్పు తీశాక మిగిలే పెంకుల నుంచి ఈ నూనె తీస్తారు. దాన్ని శుద్ధి చేస్తే కార్డనాల్ వస్తుంది. దాన్ని ఫార్మాల్డిహైడ్, అమీన్లు అనే రసాయనాలతో కలిపితే ఫినాల్కమీన్ అనే హార్డెనర్ తయారవుతుంది. ఆ అణువుకు పదిహేను కర్బన పరమాణువుల పొడవైన తోక ఉంటుంది, నూనె గుణమున్న ఆ తోక నీటిని దగ్గరకు రానివ్వదు. అందువల్ల కాస్త తేమగా ఉన్న ఉక్కు మీద కూడా పూత గట్టిపడుతుంది. ఈ హార్డెనర్ చలిలోనూ పనిచేస్తుంది. ఓడల పూతల్లో ఇది ఇప్పటికే వాడుకలో ఉంది.

లోపం కూడా చెప్పాలి. దీనితో చేసిన పూత పసుపు, గోధుమ రంగుకు తిరుగుతుంది. ట్యాంకులో లేత రంగు పూతే వేయమంటారు, తుప్పు మచ్చ టార్చి వెలుతురులో కనబడాలి కాబట్టి. ఒకప్పుడు వాడిన తారు కలిపిన నల్ల ఇపాక్సీని పక్కన పెట్టడానికి కారణాల్లో ఇదొకటి. ఆ తారులో క్యాన్సర్ కారకాలు ఉండటం ఇంకా పెద్ద కారణం.

మంచి పెయింటు వేస్తే చాలు కదా?

చాలదు. పూత చెడిపోతే ముందు అడగాల్సింది ఉక్కును ఎలా శుభ్రం చేశారని. 2006 డిసెంబరులో అంతర్జాతీయ సముద్రయాన సంస్థ బ్యాలస్ట్ ట్యాంకుల పూతలకు ఒక ప్రమాణాన్ని ఆమోదించింది. పూత 15 ఏళ్లు మంచి స్థితిలో ఉండాలన్నది దాని లక్ష్యం. ఉక్కును గ్రిట్ అనే గట్టి రవ్వతో కొట్టి తెల్లని లోహం దాదాపుగా కనబడేలా చేయాలి. ఉపరితలం మీద 30 నుంచి 75 మైక్రాన్ల గరుకు ఉండాలి. కరిగే ఉప్పు చదరపు మీటరుకు 50 మిల్లీగ్రాములు దాటకూడదు. అంచులను రెండు మిల్లీమీటర్ల గుండ్రానికి అరగదీయాలి, లేదా మూడుసార్లు గ్రైండింగ్ చేయాలి. అంచులకు, వెల్డింగ్ గీతలకు బ్రష్‌తో విడిగా స్ట్రైప్ కోట్లు వేయాలి. గాలిలో తేమ 85 శాతం మించకూడదు. ఉక్కు ఉష్ణోగ్రత తుషార స్థానం (గాలిలోని తేమ నీటిబొట్లుగా మారే ఉష్ణోగ్రత) కన్నా కనీసం మూడు డిగ్రీలు ఎక్కువ ఉండాలి.

ఈ చివరి మాట పిల్లలకు ఇలా చెబుతాను: ఆషాఢంలో చల్లని నీళ్లు పోసిన స్టీలు గ్లాసు బయట చెమట పడుతుంది కదా, ట్యాంకు గోడ కూడా అలాగే కంటికి కనబడనంత పలచగా చెమట పడుతుంది. ఆ చెమట మీద పూస్తే పెయింటు ఉక్కుకు కాక నీటికి అతుక్కుంటుంది.

పూత త్వరగా ఊడితే దాన్ని మళ్లీ గీకాలి, మళ్లీ బ్లాస్టింగ్ చేయాలి, మళ్లీ పూయాలి, మళ్లీ ఒక మనిషి ఆ రంధ్రంలోంచి దిగాలి. ఆవిర్ల లెక్కలో దీన్ని కూడా కలపాలి. ద్రావకం లేకుండా ఐదేళ్లకే రాలిపోయే పూత కన్నా కొద్దిగా ద్రావకం ఉండి పదిహేనేళ్లు నిలిచేది నయం. మేము కోరుకునేది ద్రావకమూ ఉండకూడదు, పదిహేనేళ్లూ నిలవాలి.

పదిహేనేళ్లు నిలుస్తుందని ముందే ఎలా తెలుస్తుంది?

కచ్చితంగా తెలియదు, కఠినమైన పరీక్షతో అంచనా వేస్తారు. ఆ ప్రమాణంలోనే 180 రోజుల పరీక్ష ఉంది. పూత వేసిన రేకులను చిన్న ట్యాంకులో పెట్టి రెండు వారాలు ఉప్పునీరు నింపుతారు, ఒక వారం ఖాళీగా ఉంచుతారు. ఒక రేకును పన్నెండు గంటలు 50 డిగ్రీలకు వేడిచేసి, పన్నెండు గంటలు చల్లారుస్తారు. ఇంకొన్ని రేకులను ఆవిరి చెమ్మ పట్టే గదిలో అన్నే రోజులు ఉంచుతారు. మేము ఇంకో పని చేస్తాం. రేకు మీద బ్లేడుతో లోహం దాకా గీత గీసి, 35 డిగ్రీల దగ్గర ఉప్పు తుంపరలో పెడతాం. వారాల తరువాత తీసి కత్తి మొనతో గీత పక్కన పొరను లేపి చూస్తాం. మంచి పూత పట్టు వదలదు. చెడ్డది అరటి తొక్కలా లేచి వస్తుంది, కింద నల్లగా తడిసిన ఉక్కు కనిపిస్తుంది. ఆ నలుపు ఎన్ని మిల్లీమీటర్లు పాకిందో స్కేలుతో కొలిచి రాసుకుంటాం.

గ్రాఫీన్ కలిపితే అద్భుతాలు జరుగుతాయా?

గ్రాఫీన్ అంటే ఒక్క పరమాణువు మందాన ఉండే కర్బన పొర. అటువంటి పలుచని పొలుసులు నీటి దారిని మెలికలు తిప్పి పొడవు చేస్తాయి, అది నిజం. గాజు పొలుసులు, అల్యూమినియం పొలుసులు ఎప్పటి నుంచో ఆ పని చేస్తున్నాయి. గ్రాఫీన్ విద్యుత్తును ప్రవహింపజేస్తుంది కాబట్టి పూత గీసుకుపోయిన చోట తుప్పును పెంచే ప్రమాదమూ ఉంది. సరిగ్గా కలిసిందో లేదో చూసుకోకుండా వాడకూడదు.

ఈ పెయింటును ఇంటి గేటుకు వేయవచ్చా?

ఇపాక్సీ ఎండకు తట్టుకోలేదు, కొన్నాళ్లకే సుద్దలా పొడి రాలుతుంది. గేటు అంచులకు ప్రైమర్ రెండుసార్లు వేసి మామూలు రంగు వేసుకోండి. తాగునీటి ట్యాంకులకైతే అందుకోసం పరీక్షించి అనుమతించిన పూతే వాడాలి.

మా తమ్ముడు షిప్‌యార్డులో పెయింటర్‌గా వెళ్తున్నాడు, ఏమి చెప్పమంటారు?

వాసన లేని పెయింటు అంటే ప్రమాదం లేనిది కాదని ముందు చెప్పండి. ఇపాక్సీ రెసిన్లు, అమీన్ హార్డెనర్లు చర్మానికి పడవు. ఒకసారి అలర్జీ మొదలైతే జీవితాంతం వదలకపోవచ్చు, ఆ తరువాత చుక్క తగిలినా దద్దుర్లు లేస్తాయి. నైట్రైల్ గ్లౌజులు వేసుకోవాలి. చేతికి అంటింది థిన్నర్‌తో తుడవకూడదు, థిన్నర్ దాన్ని చర్మం లోపలికి తీసుకుపోతుంది. సబ్బుతో కడుక్కోవాలి.

దీనికన్నా ముఖ్యమైనది ఇంకోటి ఉంది. తుప్పు పట్టడమంటే ఇనుము ఆమ్లజనిని తినడం. నెలల తరబడి మూసి ఉన్న ట్యాంకులో పెయింటు లేకున్నా, విషవాయువు లేకున్నా, తుప్పు ఒక్కటే లోపలి ఆమ్లజనిని తగ్గించేస్తుంది. అటువంటి చోటికి దిగిన మనిషి రెండు మూడు ఊపిర్లకే కూలిపోతాడు, కాపాడటానికి దిగినవాడూ పక్కనే పడిపోతాడు. మామూలు గాలిలో ఆమ్లజని 20.9 శాతం. దిగే ముందు మీటరుతో పైన, మధ్యలో, అడుగున కొలిచి చూపించమని అడగాలి. మూతికి కట్టుకునే ఫిల్టరు మాస్కు ఆవిరిని కొంత ఆపగలదేమో గానీ, లేని ఆమ్లజనిని తేలేదు. పైన రంధ్రం దగ్గర ఒక మనిషి కాపలా లేకుండా దిగవద్దని గట్టిగా చెప్పండి. మా చిన్నాన్న నాకు చెప్పిన మాటలే ఇవి.

ఇంటర్ చదువుతున్నాను, ఇందులో నేను చేయగలిగింది ఏమైనా ఉందా?

ఉంది. అరచేతి అంత మెత్తని ఉక్కు రేకులు ఆరు కోయించుకోండి. మూడింటి అంచులు ఆకురాయితో గుండ్రంగా అరగదీయండి, మూడింటిని పదునుగానే వదలండి. అన్నిటికీ ఒకే ప్రైమర్, ఒకే రోజు, ఒకే మందాన వేయండి. ఆరాక లీటరు నీటిలో 35 గ్రాముల ఉప్పు కలిపి, రేకులను వారం ముంచి, వారం ఆరబెడుతూ ఉండండి. ప్రతి ఆదివారం ఒకే వెలుతురులో ఫొటో తీయండి. రేకు వెనక పెన్సిల్‌తో తేదీ రాయకండి, చెరిగిపోతుంది, మేకుతో గీకి అంకె వేయండి. మూడు నెలలయ్యాక ఆ రేకులు మా ప్రయోగశాలకు పట్టుకురండి. కత్తి మొనతో అంచు లేపి కలిసి చూద్దాం.